అండోరాకు ‘షెంగెన్ వీసా చాలు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో యూరప్‌లోని చిన్న దేశాల మీద వేసిన పేజీలో అండోరాకు నాలుగు వరుసలు దక్కాయి. మంచు కొండలు, వేడినీటి కొలనులు, పన్ను లేని షాపింగ్, చివర్లో ‘షెంగెన్ వీసా ఉంటే చాలు’ అన్న మాట. కొండలూ కొలనులూ నిజమే. పన్ను లేకపోవడం పాత మాట, ఇప్పుడు తక్కువ పన్ను ఉంది. వీసా గురించి రాసిందాన్ని నమ్ముకుని బయల్దేరితే మాత్రం ఇబ్బంది తప్పదు. ప్రయాణ పత్రాల పనిలో ఉన్నవాణ్ణి కనుక వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది, మన్నించి ప్రచురించగలరు.

షెంగెన్ అంటే లోపలి సరిహద్దుల్లో తనిఖీలు లేకుండా ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి. అండోరా యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లోనూ లేదు. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ నడుమ పిరనీస్ కొండల్లో 468 చదరపు కిలోమీటర్ల దేశం అది. దానికి విమానాశ్రయం లేదు, రైలు లేదు. లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా ఈ రెండు దేశాల్లో ఒకదాని రోడ్డు ఎక్కాల్సిందే. అండోరా తన వరకు పర్యాటకుణ్ణి వీసా అడగదు. 90 రోజుల లోపు ఉండేవారికి ఆ దేశం ఇచ్చే వీసా అంటూ అసలు లేదు. చిక్కు వచ్చేది తిరుగు దారిలో. బార్సిలోనాలో దిగి బస్సులో అండోరా వెళ్లినవాడు చట్టం లెక్కన షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే. మళ్లీ స్పెయిన్‌లోకి వస్తే అది రెండో ప్రవేశం. అటునుంచి ఫ్రాన్స్‌లోకి దిగి టులూజ్‌లో విమానం ఎక్కినా రెండో ప్రవేశమే. సింగిల్ ఎంట్రీ వీసా మొదటిసారి బార్సిలోనాలో దిగినప్పుడే అయిపోయింది.

వీసా స్టిక్కర్ మీద ‘ఎన్ని ప్రవేశాలు’ అన్న గడిలో 01, 02, మల్ట్ (మల్టిపుల్, అంటే ఎన్నిసార్లైనా) అన్న మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. అండోరాకు కనీసం 02 కావాలి, మల్ట్ ఉంటే ఇంకా మేలు. 01 ఉంటే వెళ్లకపోవడమే మంచిది. ‘సరిహద్దులో ఎవరూ చూడరు, ఆపకుండా పంపేస్తారు’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చాలాసార్లు జరిగేది అదే. పాస్‌పోర్ట్ మీద ముద్ర కూడా వేయరు. కానీ తిరుగు ప్రయాణంలో స్పెయిన్ పోలీసులో, ఫ్రాన్స్ కస్టమ్స్ వాళ్లో బస్సు ఆపి లోపలికి ఎక్కడం అక్కడ వింతేమీ కాదు. హద్దుకు మించి సిగరెట్లు తెస్తున్నారేమోనని వెతకడానికి ఎక్కినవాళ్లు పాస్‌పోర్ట్‌లు కూడా చూడొచ్చు. రెండో ప్రవేశం లేదని ఆపేస్తే, విమానాశ్రయం లేని దేశంలో, ఇటు ఫ్రాన్స్ అటు స్పెయిన్ రెండూ మూసుకుపోయి నిలబడాల్సి వస్తుంది. అదృష్టం మీద ఆధారపడదగ్గ పని కాదు ఇది.

బార్సిలోనా నుంచి ‘ఒకే రోజులో మూడు దేశాలు’ అని అమ్మే టూర్లు ఉన్నాయి. ఉదయం ఫ్రాన్స్, మధ్యాహ్నం అండోరా, రాత్రికి మళ్లీ స్పెయిన్. టికెట్ అమ్మేవాళ్లు మీ వీసాలో ఎన్ని ప్రవేశాలున్నాయో అడగరు. ఆ టూర్ల మీద మోజు ఉన్నవాళ్లు ముందుగా స్టిక్కర్ తీసి చూసుకోవాలి.

దరఖాస్తు ఎక్కడ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. షెంగెన్ నియమం తెలిసిందే: ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగు పెట్టే దేశానికి. అండోరాలో గడిపే రోజులు ఈ లెక్కలోకి రావు. బార్సిలోనాలో మూడు రోజులు, అండోరాలో నాలుగు, టులూజ్‌లో రెండు అనుకుంటే దరఖాస్తు స్పెయిన్‌కి. ఫారంలో ఎన్ని ప్రవేశాలు కావాలన్న చోట ఒకటి అని టిక్ పెట్టి, ప్రయాణ పట్టికలో అండోరా హోటల్ చూపించేవాళ్లున్నారు. దరఖాస్తు చూసే అధికారి మీరు టిక్ పెట్టినదాన్నే ఇచ్చి పంపితే తప్పు పట్టలేం. రెండు లేదా మల్టిపుల్ అని అడగాలి. జతపరిచే లేఖలో ‘స్పెయిన్ నుంచి అండోరాకు ఫలానా తేదీన వెళ్లి, ఫలానా తేదీన ఫ్రాన్స్‌లో ప్రవేశిస్తాం’ అని ఒక్క వాక్యం తేదీలతో రాయాలి. బస్సు టికెట్ ముందే కొనకపోయినా ఫరవాలేదు, హోటల్ బుకింగ్ మాత్రం పెట్టండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేయొచ్చు, 15 రోజుల లోపైతే తీసుకోరు. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపువారికి లేదు. వీసా కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం.

ఉండగలిగే రోజుల గడి దగ్గర ఇంకో మెలిక. అండోరాలో గడిపిన రోజులు షెంగెన్‌లో గరిష్ఠంగా ఉండగలిగే 90 రోజుల్లో లెక్కకు రావు. కానీ బయటికి వెళ్లినట్టు సరిహద్దులో నమోదు కాకపోతే మీరు షెంగెన్‌లోనే ఉన్నారని వాళ్ల రికార్డు చెబుతుంది, కాదని నిరూపించుకోవలసింది మీరు. కాబట్టి వీసాలో రోజులు అడిగేటప్పుడు అండోరా రాత్రులను కూడా కలిపి అడగండి. హోటల్ బిల్లులు, బస్సు టికెట్లు ఇంటికి చేరేదాకా పారేయకండి. ఎనిమిది రోజుల వీసా పెట్టుకుని, ‘నాలుగు రోజులు అండోరాలో ఉన్నాం కదా’ అని పదో రోజు విమానాశ్రయంలో వాదించడం మంచి పద్ధతి కాదు.

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ అక్కడి నివాస అనుమతి కార్డు ఉన్న మన పిల్లలకు ఈ ప్రవేశాల గొడవ లేదు. కార్డు, పాస్‌పోర్ట్ రెండూ చెల్లుబాటులో ఉండి వెంట ఉంటే చాలు. కార్డు రెన్యువల్‌కు ఇచ్చి రసీదుతో తిరిగేవాళ్లు మాత్రం ముందుగా కనుక్కుని కదలాలి. బ్రిటన్‌లో ఉండే భారతీయులకు బ్రిటన్ అనుమతి ఇక్కడ ఎందుకూ పనికిరాదు, వాళ్లకూ షెంగెన్ వీసా కావాల్సిందే.

బీమా గురించి మీ పేజీలో అసలు లేదు. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకుంటాం. ఆ పాలసీ మీద ‘షెంగెన్ దేశాలు’ అని మాత్రమే ఉంటే అండోరాలో కాలు విరిగినప్పుడు అది చెల్లకపోవచ్చు. పాలసీ కొనేటప్పుడే దేశాల జాబితాలో అండోరా పేరు రాయించుకోవాలి. ‘యూరప్ మొత్తం’ అన్న పాలసీ అయినా సరే, పత్రంలో పేరుందో లేదో చూడండి. స్కీయింగ్ చేసేవాళ్లు, కొండెక్కేవాళ్లు ఇంకో రెండు విషయాలు చూడాలి: శీతాకాల క్రీడలకు వర్తిస్తుందా, కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపే ఖర్చు ఇస్తుందా. మామూలు పాలసీల్లో ఈ రెండూ మినహాయింపుల పేజీలో ఉంటాయి. దేశం మొత్తానికి ఉన్న ఆసుపత్రి ఒకటే, రాజధానిని ఆనుకుని ఉన్న ఎస్కల్డెస్‌లోని నోస్త్రా సెన్యోరా దె మెరిచెల్. యూనియన్ దేశాల్లో పనిచేసే యూరోపియన్ ఆరోగ్య కార్డు ఇక్కడ చెల్లదు, ఐరోపాలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు ఇది తెలియాలి.

ఇక చేరుకోవడం. బార్సిలోనా విమానాశ్రయం రెండు టెర్మినళ్ల నుంచీ, నగరం లోపలి నుంచీ నేరుగా బస్సులున్నాయి. రాజధాని అండోరా లా వెల్లాలోని జాతీయ బస్ స్టేషన్‌కు మూడు నుంచి మూడున్నర గంటలు. టులూజ్ నుంచి కూడా మూడు గంటల పైచిలుకే. సీటు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. స్కీ సీజన్ శనివారాల్లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. లండన్ నుంచో పారిస్ నుంచో వచ్చే విమానం ఆలస్యమైతే తర్వాతి బస్సులో అదే టికెట్‌పై ఎక్కనిస్తారా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఆ నియమం చదివాకే డబ్బు కట్టండి. లా సేవ్ దుర్జెల్ అని సరిహద్దుకు ఇవతల స్పెయిన్‌లో ఒక చిన్న విమానాశ్రయం అండోరా పేరు కూడా పెట్టుకుంది. మాడ్రిడ్ నుంచి వారానికి కొన్ని విమానాలు తప్ప పెద్దగా రాకపోకలు లేవు, వాతావరణం బాగాలేకపోతే అవీ ఉండవు. రైలు ఇష్టపడేవాళ్లు టులూజ్ నుంచి ఫ్రాన్స్ వైపున్న లోస్పిటాలె-ప్రె-లాండోర్ స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవచ్చు. దారి అందంగా ఉంటుంది. కానీ ఆ బస్సు రోజుకు కొద్దిసార్లే, రైలు వేళకు కలుస్తుందన్న భరోసా లేదు. అది చిన్న కొండ ఊరు, సాయంత్రం బస్సు తప్పితే ఎదురుగా మరో మార్గం కనిపించదు.

తిరుగు ప్రయాణంలో సమయం ఎంత చేతిలో ఉంచుకోవాలన్నది అందరూ తక్కువ అంచనా వేస్తారు. మధ్యాహ్నం మూడింటికి బార్సిలోనాలో విమానం ఉందనుకుందాం. పన్నెండింటికి అక్కడుండాలి. బస్సుకు మూడున్నర గంటలు తీస్తే ఎనిమిదిన్నర. సరిహద్దులో కస్టమ్స్ తనిఖీకి, ట్రాఫిక్‌కు ఇంకో గంట తీస్తే ఏడున్నర బస్సు ఎక్కాలి. ఆదివారం సాయంత్రాలు, పండగ సెలవుల ఆఖరి రోజు ఇంకా ముందు. స్పెయిన్ వైపు రోడ్డు ఒక్కటే, వారాంతానికి వచ్చినవాళ్లంతా ఒకేసారి అదే రోడ్డు మీద దిగుతారు.

కారు అద్దెకు తీసుకునేవాళ్లు బార్సిలోనాలో కౌంటర్ దగ్గరే అడగాల్సిన ప్రశ్న: ఈ బండి అండోరాకు తీసుకెళ్లొచ్చా, బీమా అక్కడ చెల్లుతుందా. కొన్ని ఒప్పందాల్లో అదనపు రుసుము ఉంటుంది, కొన్నింటిలో అసలు కుదరదు. అడగకుండా వెళ్లి చిన్న గీత పడ్డా మొత్తం ఖర్చు మీ క్రెడిట్ కార్డు మీదికి వస్తుంది. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకుని రావాలి, విదేశంలో అడుగుపెట్టాక సంపాదించడం కష్టం. నవంబర్ 1 నుంచి మే 15 దాకా అండోరా రోడ్ల మీద వెళ్లే కారుకు శీతాకాలపు టైర్లు ఉండాలి, లేదా డిక్కీలో మంచు గొలుసులు ఉండాలి. ఫ్రాన్స్ కొండ జిల్లాల్లో ఇలాంటి నియమమే నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఉంది. బార్సిలోనా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ అద్దెకిచ్చే కార్లకు వేసవి టైర్లే ఉంటాయి, గొలుసులు విడిగా అడిగి తీసుకోవాలి. గొలుసులు ఉండటం ఒకటి, వేయడం రావడం ఇంకొకటి. అవి ఇంజిన్ తిప్పే చక్రాలకే వేయాలి, చాలా చిన్న కార్లకు అవి ముందు చక్రాలు. మంచు కురుస్తుండగా రోడ్డు పక్కన సూచనల కాగితం విప్పడం కన్నా, తీసుకున్న రోజే పార్కింగ్‌లో ఒకసారి వేసి తీసి చూడండి. మంచు లేని రోడ్డు రాగానే తీసేయాలి, లేకపోతే తెగి చక్రం పక్కన తగులుకుంటాయి.

ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే రోడ్డు పాస్ దె లా కాసా అనే ఊళ్లో దేశంలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి లోపలికి రెండు మార్గాలు: 2,408 మీటర్ల ఎన్వలీరా కనుమ మీదుగా ఉచితంగా, లేదా కింద సొరంగంలోంచి టోల్ కట్టి. మంచు పడుతున్న రోజు టోల్ డబ్బులకు చూసుకుని కనుమ ఎక్కడం తెలివైన పని కాదు. పెట్రోలు ఇరుగుపొరుగు దేశాల కంటే అండోరాలో చవక. అందుకే పాస్ దె లా కాసాలో బంకుల ముందు ఫ్రాన్స్ నంబర్ల కార్లు బారులు తీరి ఉంటాయి. అద్దె కారులో వచ్చిన మీరూ వెళ్లిపోయే ముందు ట్యాంకు నింపుకోవచ్చు.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. దేశంలో ఆరు ప్రధాన బస్సు మార్గాలున్నాయి, ఎల్1 నుంచి ఎల్6 దాకా. ఎల్1 దక్షిణాన సాన్ జులియా వైపు, ఎల్2 ఎన్‌కాంప్, ఎల్3 సోల్దెవ్, ఎల్4 పాస్ దె లా కాసా, ఎల్5 అరిన్సాల్, ఎల్6 ఓర్దినో. స్థానికులకు ఉచితం, సందర్శకులు టికెట్ కొనాలి. అండోరా లా వెల్లా, ఎస్కల్డెస్ రెండూ కలిసిపోయి ఒకే పట్నంలా ఉంటాయి. కారు లేనివాళ్లు ఇక్కడే గది తీసుకుంటే అన్ని బస్సులూ దగ్గర. పాస్ దె లా కాసాలో గది కొంచెం చవగ్గా దొరికినా అది స్కీయింగ్‌కీ షాపింగ్‌కీ తప్ప మిగతా దేశం చూడటానికి దూరం. హోటల్ బిల్లులో పదహారేళ్లు దాటినవారికి రాత్రికి ఇంత అని చిన్న బస పన్ను ఉంటుంది, 2022 నుంచి వసూలు చేస్తున్నారు. ఆన్‌లైన్‌లో చూపిన ధరలో అది కలవకపోతే దిగేరోజు అడుగుతారు, మోసం అనుకోనక్కర్లేదు.

ఫోన్ దగ్గర జరిగే నష్టం అన్నింటికంటే నిశ్శబ్దంగా జరుగుతుంది. స్పెయిన్ సిమ్ కొన్నవాడు యూనియన్ దేశాలన్నింటిలో అదే ధరకు వాడుకుంటాడు. అండోరా యూనియన్‌లో లేదు కనుక సరిహద్దు దాటిన క్షణం నుంచి ఆ నియమం వర్తించదు. దేశంలో ఉన్న ఆపరేటర్ ఒక్కటే, అండోరా టెలికాం. దేశం కోడ్ 376. జేబులో ఉన్న ఫోన్ దానంతటదే ఆ నెట్‌వర్క్‌కు మారి, వెనకాల ఫొటోలు క్లౌడ్‌కు పంపడం, యాప్‌లు అప్‌డేట్ చేయడం మొదలుపెడుతుంది. ప్రీపెయిడ్ అయితే బ్యాలెన్స్ ఖాళీ అవుతుంది, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ‘యూరప్ 30 పైచిలుకు దేశాలు’ అని అమ్మే ఈసిమ్‌లలోనూ, మన కంపెనీల రోమింగ్ ప్యాక్‌లలోనూ అండోరా ఉందో లేదో జాబితాలో పేరు పెట్టి వెతకాలి. స్విట్జర్లాండ్ ఉంది కదా అండోరా కూడా ఉంటుందనుకోకండి. జాబితాలో లేకపోతే సరిహద్దుకు ముందే డేటా రోమింగ్ ఆపేయండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, బస్సు టికెట్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వైఫై హోటళ్లలో, బస్ స్టేషన్‌లో సరిపడా ఉంటుంది. ఎక్కువ రోజులుంటే పర్యాటకులకు అండోరా టెలికాం అమ్మే సిమ్ తీసుకోవడం తేలిక.

షాపింగ్‌కు వద్దాం, చాలామంది వెళ్లేది అందుకే కనుక. కరెన్సీ యూరోనే, యూనియన్‌తో ఒప్పందం చేసుకుని అధికారికంగా వాడుకుంటున్నారు, సొంత నాణేలూ ఉన్నాయి. అమ్మకం పన్ను మామూలు రేటు 4.5 శాతం. స్పెయిన్‌లో ఇది 21, ఫ్రాన్స్‌లో 20. ఈ తేడా వల్లే సుగంధాలు, మద్యం, పొగాకు, కళ్లద్దాలు, స్కీ సామాను చవకగా దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్‌లో తేడా అనుకున్నంత ఉండదు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ధర మన దగ్గర ఎంతుందో చూసుకున్నాకే కొనండి, వారంటీ మన దేశంలో చెల్లుతుందా అని అడిగి రాయించుకోండి. దుకాణాలు ఆదివారాలు కూడా తెరిచే ఉంటాయి, పక్క దేశాలవాళ్లు ఎగబడేది అందుకూ. సాధారణంగా ఏడాదిలో నాలుగు రోజులు మూస్తారు: జనవరి 1, రాజ్యాంగ దినం మార్చి 14, మెరిచెల్ మాత పండగ సెప్టెంబర్ 8, డిసెంబర్ 25. ఒక్కరోజు టూర్ ఆ తేదీన పడితే మూసిన షట్టర్లు చూసి రావాల్సిందే.

కొనడం సులువు, సరిహద్దు దాటించడంలోనే లెక్కలున్నాయి. స్పెయిన్‌లోకైనా ఫ్రాన్స్‌లోకైనా ఒక్కొక్కరు పన్ను లేకుండా తేగలిగే పారిశ్రామిక వస్తువుల విలువ 900 యూరోలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు 450. ఆహార, వ్యవసాయ ఉత్పత్తులకు విడిగా 300, పిల్లలకు 150. దీని లోపల కొన్ని వస్తువులకు పరిమాణం హద్దు వేరే ఉంది. సిగరెట్లు 300. మద్యం ఆల్కహాల్ 22 శాతం దాటినదైతే లీటరున్నర, అంతకు తక్కువైతే 3 లీటర్లు, వైన్ 5 లీటర్లు. అత్తరు 75 గ్రాములు, ఓ ద తువాలెట్ అనే పలుచని సెంటు లీటరులో మూడెనిమిదో వంతు, అంటే 375 మిల్లీలీటర్లు. జున్ను 4 కిలోలు, వెన్న కిలో, చక్కెరా మిఠాయిలూ కలిపి 5 కిలోలు, కాఫీ కిలో. పొగాకు, మద్యం 17 ఏళ్ల లోపువారి పేరున తేవడం కుదరదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక నియమం దగ్గర: ఒక వస్తువు విలువను ఇద్దరి మధ్య పంచడానికి వీల్లేదు. భార్యాభర్తలిద్దరికీ కలిపి 1,800 హద్దు ఉంది కదా అని 1,200 యూరోల కెమెరా ఒకటి తెస్తే, అది ఒక్క వస్తువు, ఒక్కరి హద్దు దాటింది. పన్ను కూడా పైనున్న 300 మీద కాదు, మొత్తం 1,200 మీద కట్టాలి. అలాంటిది కొంటే బిల్లు చేతిలో పట్టుకుని తామే ముందుగా చెప్పి కట్టడం ఒక్కటే దారి. దాచి దొరికితే సామాను పోతుంది, జరిమానా వేరే. మీ దగ్గరున్న పాత కెమెరా, ల్యాప్‌టాప్ ఇంటి నుంచి తెచ్చుకున్నవే అని చూపడానికి కొన్న బిల్లు ఫొటో ఫోన్‌లో ఉంటే వాదన తగ్గుతుంది. బస్సులో అపరిచితుడు ‘ఈ రెండు సిగరెట్ కార్టన్లు మీ సంచిలో పెట్టుకోండి, దిగాక తీసుకుంటా’ అంటే వద్దనండి. 10,000 యూరోలు అంతకుమించి నగదు ఉంటే చెప్పి తీరాలి.

చూడదగ్గవాటి గురించి ఎవరైనా రాస్తారు, కాబట్టి ఆచరణలో తేడా చేసే మాటలు మాత్రం. కనీయో అనే ఊరి దగ్గరి వేలాడే వంతెన 603 మీటర్ల పొడవు, 2022లో తెరిచారు. టికెట్ తీసుకుని కనీయో నుంచి వాళ్ల బస్సులో వెళ్లాలి, సొంత కారులో వంతెన దాకా పోనివ్వరు. శీతాకాలంలో మూసేస్తారు. మద్రియు లోయ 2004లో యునెస్కో జాబితాలో చేరింది, దాదాపు దేశంలో పదో వంతు. అందులోకి వాహనాల రోడ్డు లేదు. కొంతదూరం వెళ్లి తిరిగొచ్చినా చాలు కానీ నీళ్లు, తిండి, గట్టి బూట్లు లేకుండా దిగకండి. కోమా పెడ్రోసా శిఖరం 2,942 మీటర్లు, అరిన్సాల్ నుంచి ఒక రోజంతా పట్టే ఎక్కుడు. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన ముంచుకొస్తుంది. తెల్లవారగానే బయల్దేరి ఒంటిగంటకల్లా శిఖరం దిగుతూ ఉండాలి. రాజధాని కూడా 1,023 మీటర్ల ఎత్తున ఉంది, ఆగస్టులోనూ రాత్రిపూట స్వెటర్ కావాలి. ఎస్కల్డెస్‌లో నేలలోంచి వచ్చే నీరు దాదాపు 70 డిగ్రీల వేడి. దాన్ని చల్లార్చి కల్దేయా అనే స్నానశాలలో కొలనుల్లోకి వదులుతారు. టికెట్ సమయం ప్రకారం ఉంటుంది, ఈత దుస్తులు తప్పనిసరి. చిన్నపిల్లలను అన్ని భాగాల్లోకీ రానివ్వరు, కొనేముందు వయసు నియమం చదవండి. స్కీయింగ్ సీజన్ సాధారణంగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మొదటిసారి వెళ్లేవాళ్లు సామాను అద్దెకు తీసుకుని ఒక్కపూట శిక్షణ తీసుకోకుండా కొండెక్కకూడదు.

శాకాహారులకు ఒక మాట. అక్కడ వంట కతలాన్ వంట, అంటే బార్సిలోనా ప్రాంతపు వంట, పంది మాంసం లేని కూర అరుదు. క్యాబేజీ, ఆలుగడ్డ కలిపి చేసే ట్రిన్‌షాట్ చూడటానికి మన కూరలాగే ఉంటుంది, పైన బేకన్ ముక్కలుంటాయి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. హామ్‌ను మాంసం కింద జమకట్టకుండా వేసి తెచ్చేవాళ్లుంటారు. ‘సెన్సె కార్న్, సెన్సె పెర్నిల్, సెన్సె పెయిష్’ అని మాంసం, హామ్, చేప మూడూ విడివిడిగా చెప్పండి. కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా, టమాటా రుద్దిన రొట్టె నమ్మదగినవి. ఎస్కలివాదా మీద ఆంకోవీ చేప పెట్టకుండా చూసుకోవాలి. మధ్యాహ్న భోజనం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా, రాత్రిది ఎనిమిది తర్వాతే. మధ్యలో చాలా చోట్ల వంట ఉండదు, సూపర్‌మార్కెట్ చూసుకోవాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు. అధికార భాష కతలాన్ ఒక్కటే, స్పానిష్ అందరికీ వచ్చు, ఫ్రెంచ్ చాలామందికి. ఇంగ్లిష్ హోటళ్లకూ స్కీ పాఠాలకూ పరిమితం.

ప్లగ్గులు రెండు గుండ్రటి పిన్నులవి, 230 వోల్టులు. మన మూడు పిన్నుల ప్లగ్ పట్టదు, అడాప్టర్ వెంట ఉండాలి. పోస్ట్‌కార్డ్ పంపాలనుకునేవాళ్లు స్టాంప్ ఎవరిదో చూసుకోవాలి. అండోరాకు సొంత తపాలా శాఖ లేదు, స్పెయిన్ తపాలా, ఫ్రాన్స్ తపాలా రెండూ అక్కడ పనిచేస్తాయి, దేనికి దానికి స్టాంపులు, పెట్టెలు వేరు. స్పెయిన్ తపాలా స్టాంప్ అంటించి ఫ్రాన్స్ పెట్టెలో వేస్తే కార్డు చేరకపోవచ్చు.

అత్యవసరానికి 112. పోలీసుకు నేరుగా 110, వైద్యానికి 116, అగ్నిమాపక దళానికి, అంబులెన్సుకు 118. అండోరాలో భారత రాయబార కార్యాలయం లేదు, మాడ్రిడ్‌లోని మన రాయబార కార్యాలయమే ఆ దేశాన్నీ చూస్తుంది. అండోరాలో పాస్‌పోర్ట్ పోతే దానితో పాటు స్పెయిన్‌లోకి తిరిగి రానిచ్చే వీసా కూడా పోయినట్టే. మాడ్రిడ్ వెళ్లి కొత్తది తెచ్చుకుందామంటే మధ్యలో సరిహద్దు ఉంది. కాబట్టి అలా జరిగితే బస్సెక్కకుండా ముందు అండోరా పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి ప్రతి తీసుకోవాలి. తర్వాత మాడ్రిడ్‌కు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు నడుచుకోవాలి. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా స్టిక్కర్, మొదటి ప్రవేశపు ముద్ర ఉంటే అది, వీటి ఫొటోలు ఒకటి మెయిల్‌లో, ఒకటి తోడు వచ్చినవారి ఫోన్‌లో ఉంచండి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు, పర్సులో కాకుండా పెద్ద సంచిలో పెట్టుకోండి.

ఇట్లు,
ప్రయాణ పత్రాల పనిలో ఉన్న ఒక పాఠకుడు